బెల్లా ప్రొజెక్టర్‌కు గాలి దారి

"చిల్లుల కుండలో దీపం పెట్టినట్లుండాదే!" అని స్నేహితురాలు చంద్రిక పకపకా నవ్వింది.

ఇసబెల్లా మూతి ముడుచుకుంది. ఉన్న మాటే మరి! ఆదివారం మధ్యాహ్నం కిటికీలన్నీ మూసి ప్రొజెక్టర్ వెలిగిస్తే గోడ మీద బొమ్మ పడింది. బాగానే పడింది. కానీ డబ్బాకు రెండు వైపులా ఉన్న చిల్లుల్లోంచి వెలుతురు కూడా కారింది. పైకప్పు మీద, బీరువా మీద, చివరికి చంద్రిక ముక్కు మీద కూడా చుక్కలు చుక్కలుగా పడింది.

బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, గని కార్మికుల లైన్ ఇళ్లలో బెల్లా అంటే అందరికీ తెలుసు. చదివేది ఏడో తరగతి. ఇంట్లో ఏది పాడైనా మొదట విప్పేది ఆమే. తిరిగి బిగించడం సంగతి అడక్కండి. ఈ ప్రొజెక్టర్‌ను మాత్రం నెల రోజులు కష్టపడి చేసింది. ప్లైవుడ్ డబ్బాలో వెనక గట్టి ఎల్‌ఈడీ బల్బు. దాని ముందు పాత ట్యాబ్‌లోంచి ఊడదీసిన పల్చటి స్క్రీన్. అన్నిటికన్నా ముందు పెద్ద భూతద్దం. వేడి తగ్గడానికి ఒక కంప్యూటర్ ఫ్యాన్. కరెంటు వైర్లు మాత్రం నాన్న సెల్విన్ కలిపాడు. ఆయన మాలూరు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు.

ఆ సాయంత్రం ఏడు గంటలకు షో. తాత అమృతరాజుకు ఎనభై ఏళ్లు నిండాయి. మైన్‌లో ఆయనతో పనిచేసిన నలుగురు తాతలు వస్తున్నారు. వాళ్లంతా కలిసి దిగిన ఫోటో ఒకే ఒక్కటి ఉంది, అరచేతి అంత. అందులో ఎవరు ఎవరో తెలియాలంటే కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టుకోవాలి. దాన్ని గోడంత చేసి చూపిస్తానని బెల్లా లైన్ మొత్తం చాటేసింది.

"మీ తాత బంగారం తవ్వినాడు కదా?" అని అడిగింది చంద్రిక.

"ఊఁ, బంగారమే," అంది బెల్లా గబగబా.

అది అబద్ధం. గనిలో గాలి తలుపులు చూసుకోవడం తాత పని. తలుపులు తీసి మూసేవాడంటే ఎవరైనా నవ్వుతారని బెల్లాకు భయం.

చంద్రిక ఇంటికి వెళ్లగానే బెల్లా నల్ల చార్టు కత్తిరించి చిల్లులన్నీ మూసేసింది. దాని మీద టేపు. ఆ పైన బంగారు రంగు గీత. అబ్బ, ఏం మెరుపు! కొట్లో కొన్నదానిలాగే ఉంది.

తాత టీ గ్లాసు పట్టుకుని వచ్చి డబ్బా చుట్టూ ఒకసారి తిరిగాడు. వేలితో టేపు తడిమాడు.

"అమ్మా, దీనికి గాలి యాడ నుంచి వస్తాది? యాడికి పోతాది?"

"లోపల ఫ్యాన్ ఉండాది కదా తాతా."

"ఫ్యాన్ ఉంటే చాలదమ్మా. దారి ఉండాల."

"ఇది మైన్ కాదు తాతా, ప్రొజెక్టరు! నువ్వు తలుపులు తీసి మూసినోడివి. నీకిది తెలీదులే."

తాత సగం తాగిన టీ గ్లాసు కిటికీలో పెట్టి, బయట అరుగు మీద కూర్చున్నాడు.

నాలుగున్నరకు బెల్లా ట్రయల్ వేసింది. గోడ మీద హెల్మెట్లు పెట్టుకున్న ఐదుగురు కుర్రవాళ్లు నిలబడ్డారు. నడుమ తాత. చుక్కల వెలుతురు ఎక్కడా లేదు. బెల్లా ఎగిరి గంతేసింది.

పది నిమిషాలయ్యాక ఫోటో మధ్యలో నల్ల మచ్చ ఒకటి వచ్చింది. సరిగ్గా తాత ముఖం మీదే. బెల్లా భూతద్దం తుడిచింది. మచ్చ పోలేదు సరికదా, పెద్దదైంది. తాత గడ్డం పోయింది, కళ్లు పోయాయి, హెల్మెట్ కూడా పోయింది. డబ్బా మీద చెయ్యి పెడితే చుర్రుమంది.

"అప్పా!" అని అరిచింది.

నాన్న పరుగున వచ్చి ప్లగ్ పీకేశాడు. "స్క్రీన్ కాగిపోయినాది. వేడెక్కితే ఇట్లే నల్లబడతాది. చల్లారితే సరి అవుతాదేమో. కాకపోతే ఇంగ ఇంకో స్క్రీన్ ఈ పొద్దుకి యాడ తెస్తాం?"

బెల్లాకు ఏడుపు తన్నుకొచ్చింది. లైన్ అంతా వచ్చి కూర్చుంటే గోడ మీద ఏం చూపించాలి? దానికి తోడు, తాతను తను అన్న మాట చెవుల్లో గింగురుమంటోంది. కళ్లు తుడుచుకుని అరుగు మీదకు వెళ్లింది.

"తాతా, చిల్లులు మూసింది తప్పు. నిన్ను అట్లా అనింది ఇంకా తప్పు."

తాత ఆమె తల నిమిరాడు. "స్క్రీన్ చల్లారినాదా?"

"చల్లారతా ఉండాది. తాతా, మైన్ లోపల గాలి ఎట్లా తిప్పేవాళ్లు?"

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన్ను ఎవరూ అడగలేదు. తాత నిటారుగా కూర్చున్నాడు.

"కింద రాయి కూడా వేడేనమ్మా. చొక్కా పిండితే నీళ్లు కారేవి. బావి లాంటి ఒక షాఫ్ట్‌లో చల్లగాలి దిగాల. ఇంకో షాఫ్ట్‌లో వేడిగాలి పైకి పోవాల. నడుమ తలుపులు. ఏ తలుపు ఎప్పుడు మూయాలో తప్పితే, అవతల పనిచేసేవాళ్లకు ఊపిరాడదు. బంగారం వాళ్లు తవ్వినారు. వాళ్లకు ఊపిరి నేను పంపించినాను."

బెల్లా ఒళ్లు జలదరించింది. తాత పక్కకు జరిగి కూర్చుంది.

"కానీ తాతా, చిల్లులు తెరిస్తే వెలుతురు కారిపోతాది. చంద్రిక మళ్లీ నవ్వుతాది."

"లోపల మలుపు తిరిగితే, వెనకోడి హెల్మెట్ లైటు నాకు కనపడేది కాదు. గాలి మాత్రం వచ్చి మొహానికి తగిలేది. ఎందుకంటావు?"

బెల్లా కళ్లు పెద్దవయ్యాయి. "వెలుతురు నేరుగానే పోతాది. గాలి వంకర కూడా తిరుగుతాది!"

"ఇంగేం, పట్టు కత్తెర!"

ఇద్దరూ కలిసి అట్టతో రెండు మెలికల గొట్టాలు చేశారు. లోపల నల్ల రంగు పూశారు. చల్లగాలి రావడానికి ఒకటి డబ్బా అడుగున చిల్లు చేసి పెట్టారు. వేడిగాలి పోవడానికి ఇంకొకటి పైన, ఫ్యాన్ దగ్గర. అడుగు గొట్టం మూసుకుపోకుండా బెల్లా నాలుగు సీసా మూతలను డబ్బాకు కాళ్లుగా అంటించింది. ఆ ఆలోచన మాత్రం అచ్చంగా ఆమెదే. తాత "శభాష్" అన్నాడు. ఈ హడావుడిలో బంగారు గీత సగం ఊడిపోయింది. బెల్లా దాని వైపు కూడా చూడలేదు.

ఈలోగా స్క్రీన్ చల్లారి మామూలుగా అయింది. హమ్మయ్య!

ఏడు గంటలకు ఇల్లు నిండిపోయింది. గోడ మీద ఫోటో పడగానే తాతలు నలుగురూ చిన్నపిల్లలైపోయారు.

"ఒరే, ఆ మీసాలోడు నేనేరా!" అన్నాడు ఓబలప్ప తాత.

"నీకు అంత జుట్టు ఉండిందా?" అని హనుమంతప్ప తాత ఆయన వీపు మీద ఒకటి వేశాడు.

అరగంట గడిచినా మచ్చ రాలేదు. చంద్రిక పైకప్పు చూసింది. బీరువా చూసింది. తన ముక్కు కూడా తడుముకుంది.

"ఒక్క చుక్క కూడా లేదే! ఎట్లా చేసినావు బెల్లా?"

అందరూ బెల్లా వైపు తిరిగారు. "నేనే చేసినాను" అనడానికి ఇంతకన్నా మంచి సమయం ఉంటుందా! బెల్లా లేచి గోడ దగ్గరకు వెళ్లి, ఫోటోలోని తాత పక్కన వేలు పెట్టింది.

"మధ్యాహ్నం నీకు అబద్ధం చెప్పినాను చంద్రీ. మా తాత బంగారం తవ్వలేదు. మైన్‌లో గాలి తలుపులు చూసుకున్నాడు. ఈ డబ్బాకి గాలి దారి చెప్పింది కూడా ఆయనే."

ఎవరూ నవ్వలేదు. ఓబలప్ప తాత గొంతు సవరించుకున్నాడు. "ఆ తలుపుల కాడ ఈ అమృతరాజు లేకుంటే, మేం ఈ పొద్దు ఈడ కూర్చుని ఉండేవాళ్లమా తల్లీ?"

తాత తలపాగా సర్దుకుంటున్నట్లు నటించి కళ్లు ఒత్తుకున్నాడు. బెల్లాకు గర్వంతో గుండె నిండిపోయింది. ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ప్రొజెక్టర్ పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

"తాతా, గాలి నువ్వు చూసుకో. బొమ్మలు నేను చూసుకుంటా."

తాత పై గొట్టం మీద అరచెయ్యి పెట్టాడు. వేడిగాలి తగిలింది. "పోతా ఉండాది," అన్నాడు, డ్యూటీ ఎక్కినవాడిలాగా.