చీకటి గదిలో ఎండ

"ఆ పోస్టర్ గోడెక్కితే ఊరేగింపు మీద కాల్పులు జరుగుతాయి. ఆపు," అన్నాడు ఇయర్‌పీస్‌లో చీఫ్. లైన్ కట్ అయింది.

ఏజెంట్ ఆ కాలనీ ప్రింటింగ్ వర్క్‌షాపులో నెలల తరబడి పనివాడి వేషంలో ఉన్నాడు. తమ ఇళ్లు కూల్చొద్దంటూ కాలనీవాళ్లు వేసుకున్న పోస్టర్లు తీగల మీద ఆరుతున్నాయి. ఒక రంగు పడింది, రెండోది పడాలి. ఆ రెండో రంగు అక్షరాల ఫిల్ములోనే విదేశీ ముఠా తన మాట దూర్చింది: 'ఆయుధాలతో రండి'. పోలీసు తుపాకులు పేలడానికి ఆ ముక్క చాలు. ఊరేగింపు ముందు వరసలో నడిచేది వర్క్‌షాపు నడిపే అక్క. ఆమె జిగురు తేవడానికి వెళ్లింది.

అచ్చు వేసే జాలీ స్క్రీన్లకు వెలుగు తగలకూడని ఎమల్షన్ పూసి ఆరబెట్టే చీకటి గదిలో, ఎర్రబల్బు కింద నెమలి అనే యువతి నిలబడి ఉంది. పోస్టర్లకు బొమ్మలు గీసే అందగత్తె. పైగా అతని డిపార్ట్‌మెంట్ మనిషే.

"ఎరుపు ఆరిందా?" కోడ్ అడిగాడు.

"ఇంకా అంటుతోంది." బదులు సరిగ్గానే ఇచ్చి, సైలెన్సర్ బిగించిన పిస్టల్ తీసింది.

డబుల్ ఏజెంట్! మత్తు గ్యాస్ పెన్ను నొక్కాడు. రంగు గడ్డకట్టి బటన్ బిగుసుకుపోయింది.

"పొద్దున నా ప్రింటింగ్ మనిషిని అరెస్టు చేయించావుగా. వాడి పని నువ్వే చెయ్యి. కాదంటే అక్క రాగానే ఆమె కణతకి పెడతా."

 అతను వెనక్కి తూలినట్టు తూలి రంగు పలచన చేసే థిన్నర్ డబ్బా తన్నేశాడు. ఘాటు గుప్పుమంది. ఇద్దరికీ దగ్గు తెర. నెమలి ముక్కు మూసుకుని నల్ల కర్టెన్ బర్రున లాగి కిటికీ తెరిచింది.

మధ్యాహ్నపు ఎండ నేరుగా అక్కడ ఆరుతున్న రెండో రంగు స్క్రీన్ మీద పడింది.

అతను ఊపిరి బిగబట్టాడు. ఎండ తగిలితే ఎమల్షన్ రాయిలా గట్టిపడుతుంది, ఇక ఏ అక్షరమూ దిగదు. నెమలి కాగితం మీద గీసిచ్చేదే తప్ప ఏనాడూ ఈ గదిలో పని చేయలేదు. అతను దగ్గుతూనే ముఠా ఎంతిస్తోందని అడిగాడు, తనకూ వాటా కావాలని బేరమాడాడు. నోటికొచ్చిందల్లా వాగాడు. ఎండ తన పని తాను చేసుకుపోయింది.

చివరికి ఆమె చెప్పినట్టే ఫిల్ము పరిచాడు, లైటు వేశాడు, నీళ్లు కొట్టాడు. అక్షరాల చోట కరగాల్సిన పూత ఏమీ కరగలేదు.

"ఇంకా కడుగు."

కడిగాడు. బయట లారీ హారన్ మోగింది. రెండో రంగు లేకుండానే పోస్టర్లు లారీకెక్కుతున్న చప్పుడు. నెమలికి అతని ఆట అర్థమైంది. చల్లటి గొట్టం అతని నుదుటికి ఆనింది. కళ్లు మూసుకున్నాడు.

ఠప్పుమని చప్పుడు. పేలింది పిస్టల్ కాదు. రంగు లాగే చెక్క స్క్వీజీతో అక్క ఆమె మణికట్టు మీద ఒక్కటిచ్చింది. కింద పడ్డ పిస్టల్‌ని అతను కాలితో తొక్కిపట్టాడు.

అక్క చూపు మాత్రం పాడైన స్క్రీన్ మీదే ఉంది.

"చీకటి గది కర్టెన్ తీసింది ఎవర్రా?"

ఏజెంట్ నెమలి వైపు వేలు చూపించాడు. ఈ ఉద్యోగంలో చేరాక అతను నిజం చెప్పడం అదే మొదటిసారి. అక్క నమ్మలేదు.