రత్నమాణిక్యం టీచరు రాసిన చివరి మాటలు

సమాధుల పండుగ రేపనగా, ఆ మధ్యాహ్నం రత్నమాణిక్యం టీచరు సమాధుల దొడ్డిలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టుకుని కూర్చుంది. ఎదురుగా గంగయ్య బకెట్లో సున్నం కలుపుతున్నాడు. దొడ్డికి ఒకవైపు కాలవ, ఇంకోవైపు కొబ్బరితోట. పెద్ద తుపాను వచ్చి మూడేళ్ళయినా ఆ తోటలో తలల్లేని చెట్లు ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి. తడిసున్నం వాసన, బంతిపూల వాసన, కాలవ బురద వాసన కలిసి మెల్లగా తిరుగుతున్నాయి.

"మాస్టారి సమాధికి రెండు పూతలు వెయ్యి గంగయ్యా. పోయినేడు పలచగా వేశావు."

"మూడేస్తానండి. మాస్టారికి ఎండ తగలకుండా గొడుగు కూడా పట్టమంటారా?"

"నీ నోటికి వెయ్యాలి సున్నం," అంది టీచరు నవ్వుతూ.

మాస్టారంటే ఆవిడ భర్త, జయానందం మాస్టారు. మిషను బడిలో హెడ్మాస్టరు చేసి, గుడిలో ప్రసంగాలు చెప్పి, ఆరేళ్ళ కిందట పోయాడు. ఆ పేటలో చర్చిని గుడి అనే అంటారు, పాస్టరుని అయ్యగారంటారు.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి, లేకపోతే ముందు జరిగేది అర్థం కాదు. ఆ గుడివాళ్ళలో ఎవరైనా పోతే, మట్టి చేసేముందు వాళ్ళ జీవితచరిత్ర చదువుతారు. ఎక్కడ పుట్టారు, ఎవర్ని చేసుకున్నారు, పిల్లలెందరు, చివరికి ఎలా కన్నుమూశారు అన్నీ కాగితం మీద రాసి, పెట్టె పక్కన నిలబడి అందరికీ వినపడేలా చదవాలి. ఆ పేటలో అది రాసేది, చదివేది రత్నమాణిక్యం టీచరే. తెలుగు చెప్పి రిటైరైన మనిషి. వాక్యం తూచినట్టు ఉంటుంది. అయితే ఆవిడ రాసినవన్నీ ఒకేలా ముగుస్తాయి. పోయినవాళ్ళు ఎవరైనా సరే, చివరి ఘడియలో చేతులెత్తి, నవ్వుమొహంతో ఒక కీర్తన పలికి, ప్రభువునందు నిద్రిస్తారు. తాగి కాలవలో పడినవాడూ అలాగే నిద్రించాడు. పురుగులమందు తాగిన గంగయ్య తమ్ముడూ అలాగే నిద్రించాడు. చివరి మాట ఏమిటని ఆవిడ ఎవరి ఇంటికీ వెళ్ళి అడగలేదు. ఇంట్లోవాళ్ళూ ఒక్కరూ కాదనలేదు. "టీచరుగారి చేతిమీదుగా పోతే పరలోకం ఖాయమండి" అని చెప్పుకునేవారు. ఆ మాట వినడం ఆవిడకి ఇష్టం.

ఆ ఏడాది ఆగస్టులో కంటి ఆపరేషనుకని కాకినాడలో కూతురింటికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే సుబ్బాయమ్మ పోయింది. రాయడానికి ఎవరూ లేక, కోడలు దేవకుమారి రాసింది. అంగన్‌వాడీలో పనిచేసే పిల్ల. ఒకప్పుడు టీచరు దగ్గరే ఏడో తరగతి చదివింది.

టీచరు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆటో దిగిందో లేదో, మొదలైంది. పాలావిడ చెప్పింది, కిరాణాకొట్టు అతను చెప్పాడు. "మీరు వినలేదుగానీ టీచరుగారూ! గుడి మొత్తం గొల్లుమందండి."

మీరు వినలేదుగానీ. ఆ ముక్క ఆవిడ గుండెల్లో ముల్లులా దిగింది.

కాగితం తెప్పించుకుని చదివింది. సుబ్బాయమ్మ పొరుగావిడతో మురుగునీళ్ళ గురించి ఏళ్ళ తరబడి పోట్లాడిందని ఉంది. చక్కెర జబ్బుండీ బెల్లంముక్క చెంగున కట్టుకుని తినేదని ఉంది. చివర్లో నొప్పి ఓర్వలేక దేవుణ్ణి కేకలేసిందట. "నీకు కళ్ళు లేవా తండ్రీ, ఇంకా ఎన్నాళ్ళు" అని గోడవైపు తిరిగి పడుకుందట. పోయేముందు ఇటు తిరిగి, "గేదెకి కుడితి పెట్టారా?" అని అడిగిందట. అంతే. అదే చివరి మాట.

టీచరు ఎర్రపెన్ను పట్టుకుని తప్పులకోసం వెతికింది. మూడుసార్లు చదివినా ఒక్క వాక్యం కొట్టెయ్యలేకపోయింది. బాగుంది. మంటంతా అక్కడే ఉంది. అన్నం తింటున్నా అదే, పడుకున్నా అదే. తనకి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా గుడి మొత్తం అలా ఏడ్చిందా?

మర్నాడే అయ్యగారింటికి వెళ్ళింది. "దేవుణ్ణి తిట్టి పోయిందని గుడిలో చదవనిస్తారా అండీ? పిల్లలు వినరూ? బయటివాళ్ళు నవ్వరూ?"

కుర్ర అయ్యగారు ఇబ్బందిగా కదిలాడు. "అందరూ ఏడ్చారండి. నేనూ ఏడ్చాను."

"ఏడిపించడం గొప్పా అండీ? ఉల్లిపాయ కూడా ఏడిపిస్తుంది."

ఆయన ఓడిపోయాడు. సమాధుల పండుగనాడు సుబ్బాయమ్మ చరిత్ర టీచరుగారే మళ్ళీ రాసి చదవాలని ఒప్పుకున్నాడు. ఆవిడ రాసింది. చివర్లో గేదెని తీసేసి కీర్తన పెట్టింది.

ఆ కాగితం ఇప్పుడు ఆవిడ సంచిలోనే ఉంది. గంగయ్య రెండో పూత వేస్తుండగా, బంతిపూల బుట్టతో దేవకుమారి వచ్చింది. అత్తగారి మట్టిదిబ్బ మీద పూలు సర్ది, చేతులు చీరకి తుడుచుకుని వచ్చి నిలబడింది.

"మా అత్తయ్యది మీరు మళ్ళీ రాశారంట కదండీ."

"రాయలేదు. సరిచేశాను."

"ఎక్కడండీ?"

"చివర. మనిషి పోతూపోతూ గేదె గురించి అడిగితే, అది పదిమందిలో చదువుతారుటమ్మా?"

"అడిగింది కాబట్టి రాశానండి."

"మరి ఆ తిట్లు?"

"తిట్టింది ఆయన్నే కదండీ. వినేవాడు లేడనుకున్నవాళ్ళు ఎవర్ని తిడతారు? అంత నొప్పిలోనూ ఆయనతోనే మాట్లాడింది మా అత్తయ్య."

టీచరుకి ఇంకా మండింది. "నాకు నేర్పేదానివయ్యావన్నమాట."

"మీరు నేర్పిందేనండీ. క్లాసంతా ఒకేలా ఆవు వ్యాసం రాస్తే, అందర్నీ బెంచీ ఎక్కించారు. ఎవరి ఆవుని వాళ్ళు చూసి రాయమన్నారు."

గంగయ్య కిసుక్కున నవ్వి, నవ్వినట్టు తెలియకుండా బకెట్లోకి వంగాడు.

మర్నాడు పొద్దుగూకేవేళకి దొడ్డి నిండిపోయింది. ప్రతి సమాధి మీదా పూలు, కొవ్వొత్తులు. మైనం కరుగుతున్న వాసన. ఎప్పటిలాగే కరెంటు పోయింది. గోదావరి మీదనుంచి గాలి వస్తోంది. మంటలు ఒక్కసారిగా ఒకవైపు వంగి, మళ్ళీ లేస్తున్నాయి. పాట అయింది, ప్రార్థన అయింది. రత్నమాణిక్యం టీచరు సుబ్బాయమ్మ దిబ్బ పక్కన నిలబడి, కొవ్వొత్తి వెలుతురులో కాగితం విప్పింది.

గొంతు బాగానే పలికింది. పుట్టుక, పెళ్ళి, పిల్లలు. జనం నిశ్శబ్దంగా వింటున్నారు. ఎదురుగా దేవకుమారి తల వంచుకుని నిలబడింది. దాన్ని చూసి టీచరు గొంతు కొంచెం పెంచింది.

"చివరి ఘడియలో సుబ్బాయమ్మగారు చేతులెత్తి, నవ్వుమొహంతో..."

గాలి ఆగిపోయింది.

మంటలన్నీ సూదుల్లా నిటారుగా నిలబడ్డాయి. నిన్న వేసిన సున్నం ఎప్పుడో ఎండిపోయింది కదా, తడిసున్నం వాసన గుప్పుమని ముక్కుకి తగిలింది. ఇప్పుడే, ఇక్కడే ఎవరో బకెట్ దింపినట్టు...

వెనకనుంచి, చెవి పక్కనే, ఒక గొంతు.

"గేదెకి కుడితి పెట్టారా?"

దేవకుమారేమో అనుకుంది టీచరు. కానీ దేవకుమారి ఎదురుగా ఉంది. దాని పెదవులు మూసుకునే ఉన్నాయి.

టీచరు కాగితంలోకి చూసింది. అక్షరాలు కనిపిస్తున్నాయి. నాలుక కదలడం లేదు.

అప్పుడు వినిపించింది. బడిలో పనిచేసినవాళ్ళకి ఆ చప్పుడు తెలుస్తుంది. మేష్టరు ప్రశ్న అడిగి క్లాసువైపు తిరిగినప్పుడు, బెంచీల మీద పిల్లలు కదులుతారు చూడండి... ముందుకి వంగుతారు, చేతులు ఎత్తుతారు, తమని అడగలేదని గొణుగుతారు. ఆ చప్పుడు. అది జనంలోంచి రావడం లేదు. కిందనుంచి వస్తోంది.

"టీచరుగారూ..."

"నాదండీ..."

"సుబ్బాయమ్మది చెప్పారు... నాది చెప్పలేదు..."

"నాది ముందండీ... నేను ముందు పోయాను..."

ఒక్కో సమాధి దగ్గరనుంచి. ఆడగొంతులు, మగగొంతులు, ఒక పసిగొంతు. ఆ గొంతుల్లో కోపం లేదు, ఏడుపూ లేదు. వాటిలో ఉన్నదేమిటో ఆవిడకి బాగా తెలుసు. ఆగస్టునుంచీ తన గుండెలో ఉన్నది అదే. ఇంకొకరికి దక్కింది, తనకి దక్కలేదు.

"దాని కోడలు నిజం చెప్పింది... మీరు మాదెందుకు చెప్పరు?"

వాళ్ళు దగ్గరకి జరిగారు. కనపడలేదు. కానీ జరిగారు. తడిసున్నం చల్లదనం పాదాలకి తగిలింది. చీలమండలకి తగిలింది...

ఆఖర్న, మూడు పూతలు వేసిన తెల్లటి సమాధి వైపునుంచి, మెల్లగా...

"మాణిక్యం... నాది?"

ఆ సమాధి రాతి మీద కీర్తన చెక్కించి ఉంది. ఊరంతటికీ ధైర్యం చెప్పిన మనిషి ఆ రోజు ఆ కీర్తన పలకలేదని ఆవిడ ఒక్కదానికే తెలుసు. చెయ్యి గట్టిగా పట్టుకుని ఆయన అన్న మాట ఇది. "భయమేస్తోంది మాణిక్యం. దీపం తీసెయ్యకు."

ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. అంతవరకే గుర్తుంది.

మొహాన నీళ్ళు పడితే కళ్ళు తెరిచింది. తల దేవకుమారి ఒళ్ళో ఉంది. జనం చాలామటుకు వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు దూరంగా, ఒకరి పక్కన ఒకరు చేరి నిలబడ్డారు.

"ఎక్కడ ఆపేశానమ్మా?" అంది టీచరు నీరసంగా.

"ఆపలేదండీ."

"అదేంటి?"

"అందరివీ చెప్పారండి. కాగితం కింద పడేసి, ఒక్కొక్కళ్ళ పేరు పిలిచి, వాళ్ళ ఆఖరి మాట చెప్పారు. హాజరు వేసినట్టు."

గంగయ్య దగ్గరకి వచ్చాడు. ఆ మనిషి మొహంలో నవ్వు లేదు. "మా తమ్ముడు ఆస్పత్రికి పోయే దారిలో, రిక్షాలో, 'నన్ను బతికించన్నా' అన్నాడండి. నేను మా అమ్మకి కూడా చెప్పలేదు. మీకెవరు చెప్పారండీ?"

ఆవిడ దేవకుమారి వైపు చూసింది.

"మాస్టారిది కూడా చెప్పారండి," అంది దేవకుమారి నెమ్మదిగా. "దీపం మాట. అప్పుడు మాత్రం ఎవరూ ఏడవలేదు. అందరూ కొవ్వొత్తులు తీసుకెళ్ళి ఆయన చుట్టూ పెట్టారు."

టీచరు తల తిప్పి చూసింది. తెల్లటి సమాధి చుట్టూ ఎన్నో దీపాలు. ఆవిడ కళ్ళు నిండాయి. ఎందుకో మనసు తేలికయింది. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. దేవకుమారి తన మొహంలోకి చూడటం లేదని అప్పుడు గమనించింది.

"ఇంకా ఏమన్నా ఉందా?"

"చివర్లో ఇంకో పేరు పిలిచారండి."

"ఎవరిది?"

"మీదేనండి."

కాలవలో ఏదో చేప ఎగిరి పడింది.

"నా మాట... ఏం చెప్పాను?"

దేవకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను చెప్పనండీ. అప్పటికి నేనే దగ్గరున్నాను. ఇంకెవరికీ వినపడలేదు."

ఎన్నిసార్లు అడిగినా అంతే. బతిమాలింది, తిట్టింది, పాత టీచరులా గద్దించింది. ఆ పిల్ల చెప్పలేదు. తన సొంత మాట తన దగ్గర లేదు, దాని దగ్గరుంది. రత్నమాణిక్యం టీచరు ఇన్నాళ్ళూ దాని రాత చూసి ఈర్ష్యపడింది. ఇప్పుడు దాని మౌనం చూసి పడుతోంది.

అప్పటినుంచి దేవకుమారి రోజూ సాయంత్రం టీచరింటికి వస్తోంది. తను రాసింది చూపిస్తుంది. టీచరు ఎర్రపెన్ను పెట్టుకుని దిద్దుతుంది. కానీ టీచరు నోరు తెరిచినప్పుడల్లా ఆ పిల్ల చటుక్కున తల ఎత్తుతుంది. కాఫీ పెట్టమన్నా ఎత్తుతుంది, దోమలు కుడుతున్నాయన్నా ఎత్తుతుంది. మాట పూర్తయ్యాక, ఊపిరి వదిలి మళ్ళీ తల దించుకుంటుంది. టీచరుకి అది అలవాటైపోయింది.

క్రిస్మస్ ఇంకో వారం ఉంది. పేటలో ఇళ్ళకి నక్షత్రాలు కట్టారు. బయట పలచగా మంచు పడుతోంది. దేవకుమారి వీధి గుమ్మం వైపు వీపు పెట్టి, టీచరు కాళ్ళ దగ్గర కింద కూర్చుని రాసుకుంటోంది. టీచరు పడకకుర్చీలో కళ్ళద్దాలు తుడుచుకుని, పెట్టుకుని, గుమ్మం వైపు చూసింది.

"గుమ్మంలో ఎవరో నిలబడ్డారు చూడమ్మా. పాపం, లోపలికి రమ్మను."

పెన్ను ఆగింది.

దేవకుమారి తల ఎత్తింది. ఈసారి దించలేదు. వెనక్కి తిరిగి చూడనూ లేదు. టీచరు మొహంలోకే చూస్తూ, చెయ్యి చాపి ఆవిడ చెయ్యి పట్టుకుంది. గట్టిగా.

గదిలోకి మెల్లగా వాసన వచ్చింది. తడిసున్నం వాసన.

ఆ ఏడు ఆ ఇంటికి సున్నం వేయించలేదు.