ఇరవై ఎం.ఎల్. మందు ఎక్కడికి పోయింది?

గురువారం. సాయంత్రం నాలుగు పది.

నర్సు లాకర్ ఖాళీ చేస్తోంది. గుడ్డ సంచిలో ఒక్కొక్కటే పెడుతోంది. రెండు జతల యూనిఫాం. రబ్బరు చెప్పులు. దువ్వెన. సొట్టపడిన టిఫిన్ డబ్బా. పదకొండేళ్ల ఉద్యోగం ఒక్క సంచిలో పట్టేసింది.

"ఎక్కడికమ్మా ప్రయాణం?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. ఎవరైనా సంచి సర్దుతుంటే చాలు, ఆగి అడగకుండా ఉండలేదు. ఎందుకో ఎవరికీ చెప్పదు.

"మా అక్క వాళ్లింటికి మేడమ్. ఆస్పత్రివాళ్లు పొమ్మన్నారు. మీరు స్టేషన్‌కి రమ్మంటే అక్కడికే వస్తాను. ఎటూ సర్దడం అయిపోయింది."

"గంట ఆగు."

ఎనిమిది రోజుల కిందట, బుధవారం, ముంజేయి విరిగిన టైలర్ ఆపరేషన్‌కి వచ్చాడు. మనిషికి పూర్తి మత్తు ఇవ్వకుండా చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా చంక దగ్గర ఇంజెక్షన్ ఇచ్చారు. నెర్వ్ బ్లాక్. అల్ట్రాసౌండ్ తెర మీద నరాలను చూస్తూ, సూదిని వాటి పక్కదాకా పంపడం. 9:07కి మందు పూర్తయింది. 9:08కి ఫిట్స్. 9:52కి ప్రాణం పోయింది.

మత్తు డాక్టర్ రిపోర్టులో ఒకటే వాక్యం: నర్సు మందు తప్పుగా నింపింది. ఆ మాట నిలబడితే ఆమెకు జైలు.

"సిరంజి నింపిందెవరు?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"నేనే."

"సూది గుచ్చింది?"

"డాక్టర్ గారు. ఆయనకి చేతులు ఖాళీ ఉండవు మేడమ్. ఒక చేతిలో ఒంటికి ఆనించే అల్ట్రాసౌండ్ ప్రోబ్, ఇంకో చేతిలో సూది. ట్యూబు చివర సిరంజి నా దగ్గరుంటుంది. సూది రక్తనాళంలో పడిందేమో చూడ్డానికి లాగమంటే లాగుతాను, మందు ఎక్కించడానికి నొక్కమంటే నొక్కుతాను."

"లాగితే రక్తం వచ్చిందా?"

"చుక్క కూడా రాలేదు."

"టైలర్ ఏమన్నాడు?"

"మొదట నవ్వాడు. 'ముప్పై ఏళ్లుగా సూదులు నేనే గుచ్చుతున్నా, ఇవాళ నా వంతొచ్చింది' అన్నాడు." ఆమె సంచి ముడి బిగించింది. "తర్వాత చెవుల్లో హోరన్నాడు. అప్పటికి మొత్తం నొక్కేశాను."

4:45. ఆ ఇంజెక్షన్ ఇచ్చిన బ్లాక్ రూమ్. డాక్టర్, నర్సు, తలుపు దగ్గర టైలర్ భార్య.

"ట్యూబులో మిగిలిన మందు ల్యాబ్‌కి పంపాం," అంది ఇన్‌స్పెక్టర్. "సరైన మందే. సరైన పాళ్లలోనే ఉంది. ఇప్పుడు మీ మిషన్‌లో ఉన్న ఈ రెండు ఫొటోలు చూడండి. 9:04, మందు ఎక్కించకముందు. 9:07, ఎక్కించాక. తేడా చూపించండి."

"ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. మీరు అల్ట్రాసౌండ్ ఎక్కడ చదివారో?"

"లైబ్రరీలో. తప్పయితే దిద్దండి. మందు పడితే నరం చుట్టూ నల్లటి మడుగులా పరుచుకోవాలి. అవునా?"

"అవును."

"రెండు ఫొటోలూ అచ్చు గుద్దినట్టున్నాయి. ఇరవై ఎం.ఎల్. మందు ఎక్కడికి పోయింది?"

డాక్టర్ రెండో ఫొటోని పెద్దది చేశాడు.

ఇన్‌స్పెక్టర్ చొక్కా చెయ్యి పైకి మడిచింది. "ప్రోబ్ నా చేతి మీద, చంక దగ్గర పెట్టండి. తేలిగ్గా."

జెల్ చల్లగా తగిలింది. తెర మీద ధమని కొట్టుకుంటోంది. దాని పక్కన రెండు నల్లని మచ్చలు. రక్తాన్ని గుండెకి చేర్చే సిరలు.

"ఇప్పుడు అదమండి. ఆ రోజు అదిమినట్టు."

మచ్చలు రెండూ మాయమయ్యాయి. ధమని ఒక్కటే మిగిలింది.

"అదిమితే నరాలు దగ్గరగా కనిపిస్తాయి. అది మీ అలవాటు. కానీ సిర అణిగిపోతుంది. సూది దానిలోనే ఉన్నా తెర మీద తెలియదు. లాగితే రక్తం రాదు. సిరంజి నొక్కితే మాత్రం మందు తిన్నగా గుండెకి, అక్కణ్నుంచి మెదడుకి పోతుంది. మీ రెండు ఫొటోల్లోనూ ఒక్క సిర లేదు డాక్టర్."

ఆయన ప్రోబ్ పక్కన పెట్టాడు.

"'నల్లగా రావట్లేదు సార్' అని ఈ అమ్మాయి అంది. నొక్కమన్నాను. బయట ఇంకా నలుగురు పేషెంట్లు ఉన్నారు."

ఇన్‌స్పెక్టర్ నర్సు వైపు తిరిగింది. "ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పి? నొక్కింది నేనే కదా."

టైలర్ భార్య మొదటిసారి నోరు విప్పింది. "అయితే ఈ పిల్ల తప్పు లేదా?"

"లేదమ్మా."

"తెలిసి నేనేం చేసుకోను? ఇంట్లో కత్తిరించిన బట్టలు పదహారు జతలున్నాయి. వాటివాళ్లకి ఏం చెప్పను?"

 ఆమె కొంగుతో కళ్లు తుడుచుకోకుండానే వెళ్లిపోయింది.

వరండాలో ఇన్‌స్పెక్టర్ నర్సుని ఆపింది. "కేసు నీ మీద ఉండదు. రేపట్నుంచి డ్యూటీకి రా."

"ఎప్పుడూ కండ అడ్డుపడి కాస్త బరువుగా కదులుతుంది మేడమ్ సిరంజి. ఆ రోజు వెన్నలోకి పోయినట్టు పోయింది. 'ఇవాళ ఎంత సులువుగా పోతోందో' అనుకున్నాను. సంతోషపడ్డాను కూడా."

ఇన్‌స్పెక్టర్ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, వెనక్కి తీసుకుంది.

ఆస్పత్రివాళ్లు పనిలోకి రమ్మని మూడు ఉత్తరాలు రాశారు. మూడూ తిరిగొచ్చాయి.

నర్సు ఆ గురువారం సాయంత్రం ఐదు నలభైకి గేటు దాటింది. మళ్లీ రాలేదు.