బైరప్ప తెరిచిన కళ్ళు

మదనపల్లె లాడ్జి గదిలో చీఫ్ పురుషోత్తం ఏజెంట్ దామోదర్‌కు బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు.

"పుంగనూరులో మన మనిషి, ఫోటో స్టూడియో బైరప్ప. నిన్న డార్క్‌రూమ్‌లోనే గొంతు పిసికి చంపినారు. ఫారిన్ ముఠా మీద మనకుండే సాక్షి లక్ష్మయ్య ఒక్కడే. ఆయన్ను ఈ పొద్దే లేపేస్తారంట. యాడ, ఎట్ల అనేది బైరప్పకు తెలుసు. ఆ సంగతి యాడో దాచిపెట్టి ఉంటాడు. నీకు తోడు యమున వస్తాది."

యమున ముఠా నుంచి ఇటు తిరిగిన డబుల్ ఏజెంట్. నల్లద్దాలు, మల్లెపూల సెంటు.

మారువేషంగా దామోదర్ కరెంటు మీటర్లు చూసేవాడి ఖాకీ చొక్కా తొడిగాడు.

పదకొండూ యాభైకి ఇద్దరూ స్టూడియోలో ఉన్నారు. సొరుగులన్నీ ఎవరో లాగి పారేశారు. డార్క్‌రూమ్‌లో ఫోటోలు కడిగే హైపో మందు వాసన ఇంకా వదల్లేదు. గోడ నిండా పోయినవాళ్ళ ఫోటోలు. బతికుండగా ఒక్క ఫోటో దిగని ముసలివాళ్ళను శవంగానే తీసి, నెగటివ్ మీద సూదితో గీకి, మూసిన కళ్ళు తెరిపించేవాడు బైరప్ప. ఆ పని చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు.

"అందరూ నన్నే సూస్తాండారు," అంది యమున.

మూలన ఫోటోను పెద్దది చేసే ఎన్‌లార్జర్. ఇనుప కంబానికి బల్బున్న తల, దాని కింద లెన్సు. మధ్యలో నెగటివ్ పెట్టే రేకులో ఒక ఫిల్ము మిగిలి ఉంది. ముక్కులో దూది పెట్టిన ముఖం.

"శవం ఫోటో. దాంతో ఏం పని? వదిలెయ్యప్పా," అంది యమున.

దామోదర్ మర వదులు చేసి ఎన్‌లార్జర్ తలను గోడవైపు తిప్పాడు. తలుపు మూసి బల్బు వేశాడు. గోడంత ముఖం లేచింది. నెగటివ్ గనక చర్మం నలుపు, జుట్టు తెలుపు, మూసిన రెప్పల మీద సూదితో గీకి తెరిపించిన కళ్ళు. తెగిన చెవి తమ్మె చూసి అతను మనిషిని గుర్తుపట్టాడు.

"బైరప్ప."

"పోయినాక తీసినారేమో."

"మరి కండ్లు తెరిపించింది ఎవరు?"

బతికుండగానే దూది పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తన శవాన్ని తానే తీసుకున్నాడు బైరప్ప. వెతికినవాళ్ళు ఎవరిదో శవమనుకుని వదిలేశారు.

దామోదర్ ఫోకస్ మర తిప్పాడు. సూది గీతలు వెలుగుతూ అక్షరాలయ్యాయి. ఒక కంట్లో, కుప్పం స్టేషన్, 12.10, కాఫీ. రెండో కంట్లో, యమున.

అతను ఫోన్ తీశాడు. వెనక యమున పిస్టల్ టిక్కుమంది. "ఫోన్ కింద పెట్టు."

అతను బల్బు ఆర్పాడు. గుండు గోడకు తగిలింది. చీకట్లో మల్లెల వాసన ఎటుందో అటు పిడికిలి విసిరాడు. ఆమె పడిపోయింది. బేడీలు వేసి లక్ష్మయ్య నంబరు నొక్కాడు. టైము 12.09.

"లక్ష్మయ్యా, చేతిలో ఏముండాది?"

"కాఫీ. ఎవరో ఆయప్ప ఇచ్చిపోయినాడు. కాలతాండాది, ఊదుకుంటాండా."

"పారబొయ్." లైను తెగిపోయింది.

చీకటి గోడ మీద ఆ రెండు కళ్ళు దామోదర్‌కు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. లైటు వేయడానికి చెయ్యి రాలేదు.

ఫోన్ మోగింది.

"పారబోసినా," అన్నాడు లక్ష్మయ్య. "టీ అయినా తాగొచ్చునా అప్పా?"