ఆండాళు అలికిన గోడ

పెద్దసాబు వచ్చేలోగా నేను చేయవలసిన పనులు ఇవి:

గోతి చుట్టూ తాడు కట్టాలి.
గోడలో ప్రతి పొరకూ నంబరు చీటీ గుచ్చాలి.
పన్నెండు పొరల పటం సిరాతో గీయాలి.
చాయకు మేకపాలు కాదు, బర్రెపాలు తెప్పించాలి.
ఐలేశం మేస్త్రీ తలరుమాలు ఉతికించాలి.
పని వేళలో ఆండాళుతో మాట్లాడకూడదు.

మొదటి ఐదూ చేశాను.

అది 1943. యుద్ధం మూలంగా నూలు దొరకని ఏడు. చౌటుప్పల్‌లో మా బాపు మగ్గం నాలుగు నెలలుగా ఊరకే ఉంది. మా సాలె వాడలో బి.ఏ. దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కట్టంగూరు దగ్గర పాటిదిబ్బ తవ్వకంలో నాకు మూడు నెలల కచ్చా నౌకరి దొరికింది. పాటిదిబ్బ అంటే ఒకప్పుడు ఊరుండి, మట్టిలో కలిసిపోయిన చోటు. హైదరాబాదు నుంచి తవ్వకాల శాఖ పెద్దసాబు వచ్చి, నేను నిలువుగా కోసి నిలబెట్టిన మట్టిగోడను చూసి బాగుందంటే నౌకరి పక్కా. లేకపోతే మర్నాడే ఇంటికి. ఇంట్లో ఆరుగురు నా నౌకరి మీదే తింటున్నారు.

నా పని మట్టిని చదవడం. ఏ పొర ఎప్పుడు పడింది, అప్పుడు వాన ఎంత, మంట ఎక్కడ, మనుషులు ఏం చేశారు అని గోడను చూసి రాయడం. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. నిజానికి ఎండలో గోడకు ముక్కు ఆనించి నిలబడటమే.

ఆండాళుదీ సాలె ఇల్లే, కట్టంగూరు. వాళ్ల మగ్గమూ ఆగింది. తల్లి యాదలక్ష్మితో కలిసి తవ్వకంలో తట్టలు మోయడానికి వచ్చేది. మొదటి రోజే తగాదా అయింది. ఆమె మట్టితట్ట తెచ్చి నా గోడకు ఆనించింది.

"దూరం పెట్టు. అది మూడు వేల ఏండ్ల మట్టి," అన్నాను.

"మరి గీ తట్టల మన్ను నిన్న పుట్టిందా సారు?"

బి.ఏ.లో ఆ ప్రశ్న రాలేదు.

వారం తర్వాత మళ్లీ వచ్చి నా వెనక నిలబడింది. "ఏంది సారు, గా సన్నగీతల్ని గంటసేపు జూస్తున్నవు? పెండ్లిసూపులకు పోయినట్టు."

"ఇవి వరద తెచ్చిన ఒండు పొరలేమోనని."

"వరద గింత దిబ్బెక్కుతదా? అవి అలుకులు. పెండ నీళ్లతోని ఇల్లు అలికిన్రు, పండుగకోపారి. గీడ జూడు, ఎర్రమన్ను మందంగున్నది. గా ఏడు ఇంట్ల పెండ్లయింది. గీడ ఉత్త బూడిదే ఉన్నది, అలుకు లేదు. ఎవలో పోయిన్రు పాపం."

"నీకెట్లా తెలుసు?"

"మా ఇంట్ల బండకింద తవ్వు, గిట్లనే ఉంటది."

రాత్రింబగళ్లు పుస్తకాలు తిరగేసినా ఆ మాట కాదనలేకపోయాను. నా నోటుబుక్కులో 'కూలీ ఆండాళు అభిప్రాయం' అని రాసుకున్నాను. తర్వాత 'కూలీ' కొట్టేశాను. ఆ మర్నాటి నుంచి గోడను రోజుకు రెండంగుళాలకు మించి దించలేదు. పని త్వరగా అయిపోతే ఆండాళు తట్ట వేరే గోతికి పోతుంది. పద్ధతిగా తవ్వుతున్నానని ఐలేశం మేస్త్రీ నన్ను అందరి ముందూ మెచ్చుకున్నాడు. నాకు సిగ్గేసింది.

పెద్దసాబు వచ్చింది గురువారం. నేను పొద్దున్నే సడక్ మీదికి పోయి ఎదురుచూశాను. మోటారు పదింటికి వచ్చింది. ఇద్దరం కలిసి గోతి దగ్గరికి నడిచాం.

నా గోడ లేదు.

అంటే గోడ ఉంది. పన్నెండు పొరలు లేవు. పైనుంచి కింది దాకా నున్నగా పెండతో అలికి ఉంది. అంచుకు ఎర్ర జాజు. మధ్యలో ఇరవై ఒక్క చుక్కల ముగ్గు, నాలుగు మూలలా తామరపూలు. నంబరు చీటీలు ఒక్కటీ లేవు. మే నెల ఎండకు అలుకు పైపైన ఆరిపోయింది.

పక్కన ఆండాళు చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని, మెచ్చుకోలు కోసం నిలబడి ఉంది.

"ఏం చేశావు?" అన్నాను.

"పెద్దమనిషి వస్తుంటే ఉత్త మన్నుగోడ సూపెడ్తరా? నీ ఇజ్జత్ ఏం గావాలె? చీటీలు ఖరాబైతయని తీసి కొంగుల ముడేసిన. ఫికర్ జెయ్యకు."

నా నౌకరి ఆ తామరపూల కింద ఉంది.

ఇంతలో నా వెనక ఏదో ఏడుపు వినిపించింది. పెద్దసాబు. ఆయన ఉర్దూలో అన్నది తెలుగులో రాస్తున్నాను.

"పదకొండేళ్లు. ఈ ప్రాంతంలో పాతకాలపు మనుషులు గోడల మీద చిత్రాలు వేశారని పదకొండేళ్లుగా చెబుతున్నాను. ఒక్కడూ నమ్మలేదు. శాబాష్ దశరథ్. నీ నౌకరి పక్కా."

దగ్గరికి పోయి వాసన చూశాడు. "మూడు వేల ఏండ్లయినా పెండ వాసన పోలేదు. ఈ నేల గొప్పదనం అది."

ఐలేశం మేస్త్రీ ఉతికిన తలరుమాలు నోట్లో కుక్కుకున్నాడు. సాబు మూడు ఫొటోలు తీశాడు.

నేను నోరు మూసుకుంటే ఇంట్లో ఆరుగురికీ అన్నం. తెరిస్తే ఏమవుతుందో తెలియదు. కానీ మట్టిలో లేనిది రాయకూడదని చదివే కదా ఇక్కడిదాకా వచ్చాను.

"సాబ్, ఇది పాతది కాదు. పొద్దున అలికింది."

"ఎవరు?"

"నేనే," అంది ఆండాళు. "పెండ మా ఎర్రావుది."

సాబు నవ్వాడు. "పాపం, తనే వేశాననుకుంటోంది."

ఆండాళుకు కోపం వచ్చింది. పక్కన చదునైన నేల మీద కూర్చుని, అదే ముగ్గు, అవే చుక్కలు, చూపు తిప్పుకునేలోగా వేసేసింది.

సాబు మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు. "చూశావా దశరథ్. మూడు వేల ఏండ్లుగా ఆ ముగ్గు చుక్క తప్పకుండా వీళ్ల చేతుల్లోకి వచ్చింది."

ఇక మాటలతో లాభం లేదు. గోడే సాక్ష్యం చెప్పాలి. అలుకును దగ్గరగా చూశాను. ప్రతి ఒంపులో మూడు వేళ్ల గీతలు పొడుగ్గా ఉన్నాయి. నాలుగోది మధ్యలోనే ఆగింది. ఆండాళు ఉంగరపు వేలి కొన చిన్నప్పుడు మగ్గంలో నలిగి తెగిపోయింది. ఆ సంగతి నాకెలా తెలుసని అడగకండి, రోజుకు రెండంగుళాలే తవ్వినవాణ్ణి.

ఆండాళు కుడిచెయ్యి పట్టుకుని గోడ మీద ఆనించాను. గీతలో గీత కూర్చుంది. ఒంపు వెంట జరిపాను. పైదాకా కూర్చుంది. సాబు తన చెయ్యి పెట్టి చూశాడు. కూర్చోలేదు.

ఇరవై ఇద్దరు కూలీలు తట్టలు నెత్తిన పెట్టుకునే చూస్తున్నారు.

"సారు," అంది యాదలక్ష్మి నెమ్మదిగా. "గోడ సంగతి తేలింది. పది మందిల ఆడివిల్ల చెయ్యి వట్టినవు. ఇంక ఇడువలేదు. దీనికేమంటవు?"

చూసుకుంటే నిజమే. "విడవాలని లేదమ్మా," అన్నాను. అంతకన్న మంచి మాట తోచలేదు.

ఆండాళు చెయ్యి లాక్కోలేదు. "గదంత తర్వాత. నౌకరి ఉన్నదో పోయిందో ముందుగాల సాబును అడుగు. నూలు లేని ఇంటిని ఇడిచి నూలు లేని ఇంటికి నేనెందుకు రావాలె?"

సాబు అప్పటికి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ముఖం ఎర్రగా ఉంది. "నీ పటంలో పన్నెండు పొరలున్నాయి. పొద్దుగూకేలోగా అవి గోడలో కనిపించాలి. కనిపించకపోతే నువ్వు రేపు రానక్కర్లేదు."

అందరం తాపీలు పట్టుకున్నాం. ఆండాళు పైనుంచి, నేను కిందినుంచి. ఎండిన అలుకు రొట్టెలా ఊడి వస్తోంది. "గింత మంచిగ అలికితే గీకుతున్నరు," అని ఆమె గొణుగుతూనే ఉంది.

అలుకు కింద గోడ పొద్దటి తడినంతా తాగి ఉంది. ఆ తడికి ఎర్రది ఎర్రగా, బూడిద నల్లగా, ఒక్కో పొరా విడివిడిగా పైకి తేలింది. మూడు నెలలు ముక్కు ఆనించినా నాకు అంత స్పష్టంగా కనబడలేదు. సాబు వేలు పెట్టి లెక్కించాడు. మళ్లీ లెక్కించాడు.

"పదమూడు."

నేను చూడని పొర ఒకటి, ఏడుకూ ఎనిమిదికీ మధ్య, దారమంత సన్నగా ఉంది.

"తడిపి చూసే ఈ పద్ధతి ఏ పుస్తకంలో ఉంది?" అన్నాడు సాబు.

"పుస్తకంలో లేదు సాబ్. కట్టంగూరులో ఉంది."

ఆయన చాయ తాగి, నౌకరి కాగితం మీద దస్కత్ చేసి, ఫొటోల మాట ఎవరితోనూ అనవద్దని చెప్పి వెళ్లిపోయాడు.

మా బాపు సంబంధం మాట్లాడటానికి వచ్చి ఒక్కటే అడిగాడు. "పిల్ల ఏమన్న సదివిందా?"

"గోడ చదువుతుంది బాపూ."

"అయితే నీకన్న నయమే."

పెండ్లి కట్టంగూరులో అయింది. అందరినీ పిలిచాం, ఒక్కరిని తప్ప. ఆ సన్నటి పొర అలికినామెను. ఏదో తొందరలో పలుచగా అలికి పోయిందని ఆండాళు అంటుంది. ఇంటికి చుట్టాలు వస్తున్నారేమో, పిల్ల ఏడుస్తోందేమో. ఆమె పేరు ఏ మట్టిలోనూ లేదు. మీ ఇల్లు అలికేటప్పుడు, తొందరలో ఒక మూల పలుచబడితే, ఆమెను జర యాది చేసుకోండి.