కదిలినవ్, అవ్వా!

బోధన్‌ల మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ దాటినంక ఒక ఎక్స్‌రే గది ఉంది. పొద్దుగూకితే అక్కడి బల్ల మీద పండుకునేటందుకు ఎవ్వరూ ఒప్పుకోరు. నువ్వు మస్తు ధైర్యవంతునివి గదా... పోయి పండుకో, చూద్దాం!

అందుల భీమవ్వ ఉన్నదట.

రెండేండ్ల కింద మోస్రా నుంచి ఉబ్బిన పొట్టతోని వచ్చింది ఆమె. ఫోటో తీసే మధుకర్ అన్న కంప్యూటర్ల చూసిండు — అంతా మసక.

"కదిలినవ్, అవ్వా!"

"కదల్లే బిడ్డా..."

ఆయన ఇనలే. "గ్యాసే. ఇంటికి పో" అన్నడు. పోయింది... నెల తిరగకముందే కాటికి పోయింది.

అప్పటిసంది ఆ బల్ల మీద పండుకున్నోళ్ల చెవుల ఎవరో గుసగుసలాడుతరట — "కదలకు..."

మధుకర్ అన్న నవ్వేటోడు. నవ్వితే పొట్ట గూడ ఊగేది. ఈ మధ్య అది మరీ పెరిగింది. ప్యాంటు పట్టదు, ఎల్లెలకల పండుకుంటే దమ్మాడదు. గదిల కొత్తగ పనికి చేరిన సుమన రోజూ పోరువెట్టేది — "ఒక్క ఫోటో తీస్త, పండుకో అన్నా."

ఒక రాత్రి పండుకున్నడు. సుమన ఎక్స్‌రే తగలకుండ నిలవెట్టిన సీసపు అడ్డం చాటుకు పోయింది. బల్ల సల్లగ... గది సప్పుడు లేకుండ...

"కదలకు..."

ముసలి గొంతు!

ఆయన ఊపిరి గూడ తియ్యలే. ఫోటో పడ్డది. లేచి చూసిండు —

పొట్టంతా పొగమంచు. పక్కలు ఉబ్బినయి. పేగులల్ల గాలి, నీళ్లల్ల బుడగల లెక్క, నడుమకు తేలింది. గ్యాసే అయితే అంతా నల్లగ కనిపియ్యాలె. ఇది తెల్లగున్నది... ఇది నీళ్లు. గిదే మసకను ఇంతకుముందు ఒకసారి చూసిండు —

చాటు నుంచి మళ్ల అదే గొంతు.

"కదిలినవ్. గ్యాసే. ఇంటికి పో."

"కదల్లే! నీ కాళ్లు మొక్కుత అవ్వా, నిజంగ కదల్లే!"

"నేను గూడ కదల్లే బిడ్డా..."

అడ్డం పక్కకు జరిగింది. సుమన! కండ్లల్ల నీళ్లు... పెదవుల మీద నవ్వు.

"భీమవ్వ బిడ్డను అన్నా. మా అవ్వ లెక్క మంచిగ మాట్లాడిన్నా? లే ఇగ, ఆటో పిలిచిన. ఈ రాత్రే నిజామాబాద్‌ల పెద్ద డాక్టరుకు చూపియ్యాలె."

ఆటోల కూసున్నంక మధుకర్ అన్నకు పాణం కుదుటపడ్డది. "రెండేండ్లసంది అందర్ని బెదిరిచ్చింది నువ్వేనా, పిల్లా?"

"నేనచ్చి నెలే గదా! 'కదిలినవ్' అన్నది నేను..."

సుమన ఎనకకు తిరిగి ఆ గది దిక్కు చూసింది. మెల్లగ అడిగింది.

"మొదలు 'కదలకు' అన్నది... నువ్వు గాదా అన్నా?"