బొమ్మనహళ్ళిలో ఆఖరి అధ్యాయం

పొద్దున్నే తలస్నానం చేసి, జుట్టు ఆరకముందే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది అలివేలు. బొమ్మనహళ్ళిలో పెద్దమ్మ సొన్నమ్మ ఇంటి మేడమీద గది అది. కింద వీధిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ళ మాటలు, ఆటోల హారన్లు. అవేవీ ఆమెకు అడ్డం కాలేదు. నిజానికి బ్రూక్‌ఫీల్డ్‌లోని తన ఫ్లాటు ఇంతకంటే ప్రశాంతంగా ఉంటుంది. అడ్డమల్లా చేతి పక్కనున్న ఫోనే.

వంటకీ బట్టలకీ మధ్య దొరికిన కాసింత సమయంలో ఏళ్ళ తరబడి రాసుకున్న నవల అది, ఆమె మొదటి నవల. ఒక ప్రచురణకర్త వేస్తానన్నాడు. ఆఖరి అధ్యాయం ఆదివారంలోగా అందకపోతే మాత్రం ఇక మాట ఇవ్వలేనన్నాడు. ఇంట్లో ఉంటే ఈ జన్మకి పూర్తికాదని తేలిపోయి, మొహమాటం చంపుకుని పెద్దమ్మని గది అడిగింది.

కథలో తల్లీకూతుళ్ళు చాలా కాలానికి ఎదురుపడ్డారు. కూతురు నోరు తెరిచింది. ఫోన్ మోగింది.

నీళ్ళ క్యాన్ వచ్చిందట, లోపలికి పంపాలా అని. బ్రూక్‌ఫీల్డ్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి ఎవరొచ్చినా గేటు దగ్గర సెక్యూరిటీ ఒక మీట నొక్కుతాడు, ఇంటివాళ్ళ ఫోన్ మోగుతుంది, సరేనంటేనే లోపలికి. అలివేలు సరేనని నొక్కింది. కాసేపటికి ఇస్త్రీ అతను. ఆ తర్వాత తన కూతురు వర్షిణి ఫోన్.

"అమ్మా, నా తెల్ల చుడీదార్ ఎక్కడ?"

"అల్మరాలో."

"ఏ అల్మరా?"

ఆ అల్మరా తేలేలోపు భర్త ఓంకార్ ఫోన్. "ఒక్క నిమిషం అలివేలూ. ఇడ్లీ రవ్వ అయిపోయిందా, నాకే కనబడట్లేదా?"

పాపం, కథలో ఆ అమ్మాయి నోరు తెరుచుకునే ఉంది. అలివేలుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేంత కోపం వచ్చింది. అప్పుడే సొన్నమ్మ ప్లేటుతో మెట్లెక్కి వచ్చింది.

"ఏమే, ఇంగా రాస్తానే ఉండావా? ఊట చేసి రాసుకోరాదా? ఉప్మా చల్లారిపోతాంది."

"ఒక్క ముక్క రాస్తే ఒట్టు పెద్దమ్మా."

"మరి పొద్దున్నుంచి ఏం చేస్తాండావు?"

"ఇక్కడ కూర్చుని అక్కడ గేటు కాస్తున్నాను," అంది అలివేలు. అనగానే ఒళ్ళు మండిపోయి, ఫోన్ స్విచాఫ్ చేసి దిండు కింద తోసేసింది.

ఇక చూడాలి ఆమెని! ఉప్మా ముట్టుకోలేదు, ఫ్యాన్ ఆగిపోయిందని కూడా తెలియలేదు. కథలో కూతురు అనాల్సినవన్నీ అంది. తల్లి తిరిగి అన్న మాటకి, రాస్తున్న అలివేలుకే గుండె దడదడలాడింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇలా రాయలేదు తను.

మెట్లమీద చెప్పుల చప్పుడయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు ఓంకార్, మెళ్ళో ఐడీ కార్డు కూడా తీయలేదు.

"ఫోన్ ఎందుకు ఆపావు? నాన్నకి ఫిజియోథెరపీ చేసే డాక్టరు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. నువ్వు పలకవు. నాకు చేశాడట, మీటింగ్‌లో ఉన్నాను. ఇప్పుడు నాన్న కూడా ఎత్తట్లేదు! మోకాలి ఆపరేషనైన మనిషి, ఇంట్లో ఒక్కడే, పడిపోయుంటే? నీకు కథలే ముఖ్యమా?"

అలివేలు మొహం పాలిపోయింది. మరుక్షణమే ఎర్రబడింది.

"మామయ్య ఫోన్ ఎత్తకపోతే ఇంటికి పరుగెత్తాలి గానీ, నన్ను తిట్టడానికి ఇంత దూరం వస్తారా?"

ఓంకార్ మెళ్ళో ఐడీ కార్డు తీసి జేబులో కుక్కుకున్నాడు.

"గేటు ఫోన్ నాకొక్కదానికే ఎందుకొస్తోంది? మీ నంబరూ ఉండేది కదా. ఏమైంది?"

"అది... మీటింగుల్లో డిస్టర్బ్ అవుతోందని తీయించాను."

"అదే! మీ పనికి అడ్డమని మీరు తీయించుకున్నారు. నా పనికి అడ్డమవుతుందని ఒక్కసారైనా తోచిందా మీకు?"

అంటూనే ఫోన్ ఆన్ చేసి మామగారు రామాంజినప్పకి కలిపింది. రెండోసారికి ఎత్తాడాయన.

"మామయ్యా! ఎలా ఉన్నారు?"

"బాగుండానమ్మా. బాల్కనీలోంచి చూస్తే ఆ డాక్టరప్ప ఎండలో నిలబడుండాడు. వాకరు పట్టుకోని నిదానంగా లిఫ్ట్‌లో దిగి, గేటుకాడికి పోయి పిల్చుకొస్తి. ఫోను మంచం మీదే మర్చిపోయింటి. ఆపరేషనైనాక ఇదే మొదుటిసారమ్మా, ఒక్కన్నే పోయింది! నొప్పుండాది గానీ సంతోషంగా ఉండాది. నువ్వు రాసుకో తల్లీ."

అలివేలు ఏడ్చేసింది. మామగారు క్షేమమనో, రాసుకొమ్మని ఇంట్లో ఒక్కరైనా అన్నందుకో, ఆమెకే తెలియలేదు. ఓంకార్ మంచం అంచున కూలబడ్డాడు.

"భయమేసింది అలివేలూ. నీ ఫోన్ పలక్కపోయేసరికి ఏం చేయాలో తోచలేదు, కాళ్ళు ఇటే వచ్చేశాయి."

అక్కడే కూర్చుని, అపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఫోన్ చేసి, గేటు ఫోన్లన్నీ ఇకనుంచి తన నంబరుకి మార్చమన్నాడు. లేచి వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"ఇంతకీ నవల దేని గురించి?"

ఇన్నేళ్ళకి అడిగాడు మహానుభావుడు! నవ్వొచ్చింది ఆమెకి.

"ముందు మామయ్యని చూసి రండి. పుస్తకం వచ్చాక చదువుదురుగాని."

అతను వెళ్ళాక ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. అలివేలు నాలుగు వాక్యాలు రాసింది. మామయ్య నొప్పికి మాత్ర వేసుకున్నారా? వర్షిణికి చుడీదార్ దొరికిందా? ఇంత నడిచాక కాలు వాచిందేమో. చూసుకునేసరికి ఫోన్ చేతిలో ఉంది, వేలు మామగారి పేరు మీద ఉంది. ఎవరూ పిలవలేదు. తనే వెళ్తోంది. ఇన్నాళ్ళూ ఇంటిని తిట్టుకుంది గానీ, ఇల్లు వదిలిపెట్టినా తను వదల్లేకపోతోందని అర్థమై మళ్ళీ కళ్ళు నిండాయి.

గబగబా కిందికి దిగి ఫోన్ సొన్నమ్మ చేతిలో పెట్టింది.

"ఆదివారం దాకా నీ దగ్గరే ఉంచు పెద్దమ్మా. అవసరమైతే ఆయన నీకే చేస్తారు. నేనడిగినా ఇవ్వద్దు."

"ఏడిస్తే?"

"ఏడ్చినా ఇవ్వద్దు."

సొన్నమ్మ ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసింది. "ఏడ్చేదేదో పైకి పోయి ఏడువు," అంది, "రాసుకుంటా ఏడువు."